పాలరేవు బరువు

బహుళ పాడ్యమి

ఒకే జ్ఞాపకం ఇద్దరిలో ఉంటే దాని బరువు ఎవరిది?

ఈ ప్రశ్న నాతో పాటే కొండలోకి వచ్చింది. మా నాన్న పోయాక ఆయన దగ్గుని నేనూ అక్కా చెరిసగం మోసేవాళ్ళం. నవ్వొస్తుంది గానీ నిజం, ఆయన మాటల కన్నా దగ్గే మాకు ఎక్కువ గుర్తు. అక్క కూడా పోయిన ఏడు, ఒకరోజు బస్సులో వెనక సీటులో ఎవరో అచ్చం అలాగే దగ్గారు. "విన్నావా?" అని అడగడానికి పక్కన ఎవరూ లేరు. ఆ దగ్గు ఉన్నట్టుండి బరువెక్కింది.

బయట అది అనిపించడం వరకే. లోపల అది లెక్క. నా ఉద్యోగం ఆ లెక్కే.

పొద్దున ఊడ్పు ముగించాను. నిన్నటి రోజులో అక్కర్లేనివి గడప దగ్గర పోగేసి వదిలేయాలి. ఎదురుపడ్డవాళ్ళ చీరల రంగులు, వరసలో నిలబడ్డ సేపు, తాగిన కాఫీ రుచి. కాఫీ రుచి వదలడానికి ఎప్పుడూ మనసొప్పదు. అయినా అందరూ వదిలితేనే అందరికీ చోటు. ఫలానా ఆవిడ ఊడ్పు సరిగ్గా చెయ్యదని ఇక్కడా చెవులు కొరుక్కుంటారు, బయట వాకిలి ఊడవని కోడళ్ళ గురించి చెప్పుకున్నట్టే.

సముద్రం పైకొచ్చిన ఏడాది ఒళ్ళు బయట వదిలి కొండలోకి వచ్చినవాళ్ళం మేమంతా. నలభై నాలుగేళ్ళప్పుడు వచ్చాను, ఆ వయసే ఉండిపోయింది. మనుషులకి ఒళ్ళు లేకపోయినా చోటు కావాలి. నడవడానికి, తలుచుకోవడానికి. కొండ అడుగునుండి ఆ చోటు పంచేది కెర్నెల్ అనే యంత్రం. చోటుని పుటల్లో కొలిచి, ఎవరు ఎంత పట్టారో దానికి చెప్పేది మా కొలత శాఖ.

చోటు తగ్గుతోంది. ఎక్కడో చెమ్మ దిగి రాతిపలకలు ఒక్కొక్కటే చెడుతున్నాయి. చెడిన పలకలోది మంచి పలకలో సర్దాలి. సర్దలేనంత ఇరుకైతే అమావాస్య నాడు ఒకరిని దించుతాం, అందరికన్నా ఎక్కువ చోటు పట్టినవాళ్ళని. దించడమంటే కొండ అడుగున కదలిక లేని రాతిలో రాసి పెట్టడం. చావు అనం. దిగినవాళ్ళని పైకి తేవాలన్నా చోటు కావాలి కాబట్టి ఇప్పటిదాకా ఎవరూ పైకి రాలేదు.

"ఈసారి పేరు చూశావా ప్రసూనమ్మా?" అన్నారు మా శాఖ పెద్ద ఖాదర్ గారు.

చూశాను. మంగతాయారు, పాలరేవు.

"పోయిన నెల ఈవిడ లెక్క ఇంత లేదు కదండీ."

"పోయిన నెల చిట్టెమ్మ ఉంది," అన్నారాయన.

బహుళ తదియ

పేరు పైకొచ్చినవాళ్ళకి ఇంటికెళ్ళి చెప్పాలి. కూర్చుని చెప్పాలి, నిలబడి చెప్పకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో గానీ మంచి మనసుతో పెట్టారు. అయితే దానివల్ల జరిగిందేమిటంటే, మా శాఖవాళ్ళు ఎవరింట కూర్చోబోయినా ఇల్లంతా బిగుసుకుపోతుంది.

మంగతాయారు మామ్మగారు బయట పాలరేవు బస్టాండులో మైకులో బస్సులు పిలిచేవారు. ఇక్కడ కూడా ఆ కుర్చీ, ఆ బల్ల, ఆ మైకు. లోపలికి వచ్చిన నాటి నుంచి గది మారలేదు. నన్ను చూడగానే మైకు పక్కకి తిప్పారు.

"రా కొలతలమ్మా. నిలబడతావా, కూచుంటావా?"

"కూర్చుంటాను మామ్మగారూ."

"అయితే నాకర్థమైపోయిందిలే. మంచినీళ్ళు తాగు ముందు."

నీళ్ళు తాగాను. చెప్పాను. ఆవిడ కొంగు సర్దుకున్నారు. తర్వాత కోపం వచ్చింది.

"నేను కొత్తగా ఏం దాచుకున్నానే? ఊడ్పు ఒక్కనాడు మానలేదు. రోజూ అవే బస్సులు పిలుచుకుంటున్నాను. నా తోటికోడలు చిట్టెమ్మ దిగిపోతే నాకు ఒళ్ళు పెరిగిందా?"

"పెరిగింది," అన్నాను. ఇంకెలా చెప్పాలో తెలియలేదు.

పాలరేవువాళ్ళంతా ఒకే గుంపుగా లోపలికి వచ్చారు. వచ్చేటప్పుడు, ఎవరి ఊరు వాళ్ళు విడిగా తెచ్చుకుంటే చోటు చాలదని, అందరి ఊరూ ఒక్కటిగా కలిపి ఇచ్చారు. రేవు, బస్టాండు, ఐసు ఫ్యాక్టరీ, అన్నీ ఒకటే ప్రతి. దాన్ని పొత్తు అంటాం. పొత్తులో ఉన్నదాని బరువు పొత్తుదారులకి సమంగా పంచుతాం. గుంపు పెద్దదిగా ఉన్నప్పుడు మనిషికి ఇంత ముక్క వచ్చేది. ఒక్కొక్కరే దిగిపోతూ వచ్చారు. దిగినవాళ్ళ వాటా ఉన్నవాళ్ళ మీద పడుతూ వచ్చింది. చివరికి చిట్టెమ్మగారూ ఈవిడా మిగిలారు, సగం సగం. చిట్టెమ్మగారికి సొంత జ్ఞాపకాలు ఎక్కువ, అందుకని ముందు ఆవిడ దిగారు. ఇప్పుడు ఊరు మొత్తం ఈవిడ ఒక్కరి పద్దులో ఉంది.

"బావుంది," అన్నారు మామ్మగారు. "పెళ్ళికొచ్చినోళ్ళంతా చేతులు కడుక్కుని పోతే, ఆఖరి బంతిలో కూచున్నోడు పందిరి మొయ్యాలన్నమాట."

నేను నవ్వలేదు. ఆవిడ నవ్వారు.

"నేను పోతే పోతాన్లే. ఊరు?"

"ఊరు కూడా మీతోనే దిగుతుంది. పైన దాన్ని తాకేవాళ్ళు ఎవరూ ఉండరు."

మామ్మగారు మైకు మళ్ళీ తన వైపుకి తిప్పుకున్నారు. లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి వినిపించింది, "ప్రయాణికులకు విజ్ఞప్తి." ఆ తర్వాత ఏ బస్సు పేరూ రాలేదు.

బహుళ చవితి

పొత్తులో కొత్తవాళ్ళు చేరకూడదని ఎక్కడా లేదు. ఇచ్చేవాళ్ళ ఇష్టం, పుచ్చుకునేవాళ్ళ ఇష్టం, అంతే ఉంది. పరాయి ఊరి బరువు కోరి నెత్తికెత్తుకునేవాళ్ళు ఎవరుంటారని కాబోలు, వద్దని రాయడం ఎవరికీ తోచలేదు.

ఖాదర్ గారితో చెప్పాను, నేను చేరతానని.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇక్కడ కళ్ళజోడు మీద దుమ్ము పడదు.

"చేరితే ఏమవుతుందో నీకు తెలుసు. ఆవిడ లెక్క సగానికి తగ్గుతుంది, నీది పెరుగుతుంది. కొండలో ఒక్క పుట చోటు కూడా మిగలదు. లెక్క మారుతుందమ్మా, బరువు మారదు."

"తెలుసండీ."

"ఆవిడ దిగితే ఊరంత చోటు ఒకేసారి వస్తుంది. ఇంకెవరు దిగినా అంత రాదు. అప్పుడు వాళ్ళ తర్వాత మరొకరు త్వరగా దిగాలి. అది కూడా తెలుసా?"

"తెలుసు."

"అమావాస్యకి ఎవరో ఒకరు దిగాలి. ఆవిడ కాకపోతే ఎవరని చూశావా?"

చూడలేదు. చూడకుండానే వచ్చాను. ఆ మాట ఆయనకి చెప్పలేదు.

బహుళ షష్ఠి

పొత్తులో పేరు రాయించుకుంటే సరిపోదు. తాకాలి. తాకిన పుటే లెక్కకి వస్తుంది, తాకనిదంతా పాతవాళ్ళదే. అందుకని మామ్మగారు నన్ను చెయ్యి పట్టుకుని ఊరు తిప్పుతున్నారు.

మొదట ఐసు ఫ్యాక్టరీ. రంపపు పొట్టు కింద దిమ్మలు వరసగా పడుకుని ఉన్నాయి. చెయ్యి పెట్టమన్నారు. పెట్టాను. చల్లదనం మోచేతి దాకా పాకింది. ఎన్నేళ్ళైందో చలి తెలిసి. అక్కణ్ణుంచి రేవు. ఏరు దాటించే పంటు మీద సైకిళ్ళు, మేకలు, ఒక పెళ్ళివారి వ్యాను, వ్యానులో కునికిపాట్లు పడుతున్న పెళ్ళికొడుకు. నీళ్ళలో డీజిలు తెట్టు రంగులు తిరుగుతోంది. ఎండురొయ్యల గంపల పక్క నుంచి వెళ్తుంటే ముక్కు మూసుకున్నాను.

"చెయ్యి తియ్యి," అన్నారు. "పీల్చకపోతే లెక్కకి రాదన్నది నువ్వే."

బస్టాండులో జీళ్ళ బండి, చెరుకురసం మిల్లు గజ్జెలు, సినిమా పోస్టరు మీద పోస్టరు అంటించగా మందమైన గోడ. గోడ వెనక్కి తీసుకెళ్ళబోతుంటే ఆగిపోయాను.

"అటువైపు వద్దులెండి మామ్మగారూ. ఇక్కడిదాకా వాసన వస్తోంది."

"వద్దంటే ఎలాగే? అదీ ఊరే. జీళ్ళు నువ్వు పంచుకుని, ఆ కంపు మాత్రం నేనొక్కదాన్నే మొయ్యాలా?"

వెళ్ళాను. పీల్చాను. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పేరు పైకొచ్చిన మనిషి నవ్వడం చూడలేదు నేను.

తిరిగొచ్చేటప్పుడు అడిగారు, "నీకెందుకే ఇదంతా?"

నాన్న దగ్గు గురించి చెప్పాను. ఆవిడ విని, "మరి ఆ దగ్గు నాకివ్వలేదేం?" అన్నారు. నేను నమ్మలేనట్టు చూశాను. "ఇవ్వు. పుచ్చుకుంటే పుచ్చుకునేదే. ఊరికే తీసుకోడం నాకలవాటు లేదు."

ఇచ్చాను. విన్నారు. "పొగ తాగేవాడా?" అన్నారు.

"బీడీలు."

"తెలిసిపోతోంది."

చాలా ఏళ్ళ తర్వాత ఆ దగ్గు సగం తేలికైంది.

బహుళ నవమి

ఊరంతా తాకడం పూర్తయింది. మామ్మగారి లెక్క దిగుతోంది. ఈ ఉదయం జాబితాలో ఇంకా పైనే ఉన్నారు గానీ, ఆవిడకీ రెండో పేరుకీ మధ్య వెంట్రుకంత తేడా.

రెండో పేరు జోగారావు గారు. బొబ్బిలి వైపు మనిషి. బయట రైల్వేలో సిగ్నళ్ళు చూసేవారట. ఆయన్ని కొండలో ఎరగనివాళ్ళు లేరు, ఎందుకంటే ఎప్పుడూ నడుస్తూనే ఉంటారు. ఈ గదిలో కనిపిస్తారు, మాట పూర్తయ్యేలోపు పక్క గదిలో ఉంటారు.

నాకు వెంటనే ఒక సంగతి తట్టింది. తట్టకుండా ఉంటే బాగుండేదని కూడా అప్పుడే అనిపించింది.

మేం రోజూ చూసేది దోసిలి లెక్క. ప్రతి గదిలో ఒక గుమాస్తా ఉంటుంది. పేరుకి గుమాస్తా, మనిషి కాదు. ఆ గదిలో ఉండగా ఎవరు కొత్తగా ఎంత చోటు పట్టినా, అది తన దోసిట్లో పట్టుకుంటుంది. దోసిలి నిండాకే తీసుకొచ్చి పెద్ద లెక్కలో పోస్తుంది. చిటికెడు చిటికెడు తెచ్చి పోస్తుంటే అందరూ ఆ ఒక్క చోటే తోసుకుంటారని, పని సాగదని, మొదట్లో అలా కట్టారు. అప్పుడు గదులు తక్కువ. దోసిళ్ళలో మిగిలింది ఎంతని? తర్వాత గదులు పెరిగాయి. దోసిళ్ళూ పెరిగాయి. లెక్క తీరు మాత్రం ఎవరూ మార్చలేదు.

మామ్మగారిలా ఒకే గదిలో కూర్చున్నవాళ్ళ లెక్క దాదాపు సరిగ్గానే ఉంటుంది. గదిగదికీ తిరిగేవాళ్ళది ప్రతి దోసిట్లోనూ కొంత కొంత, పోయకుండా మిగిలిపోతుంది.

జోగారావు గారి అసలు బరువు కొండలో ఎవరికీ తెలియదు. ఆయనకి కూడా.

బహుళ ఏకాదశి

రెండో పేరువాళ్ళకి చెప్పే నియమం లేదు. అయినా వెళ్ళాను. ఆయన ఎక్కడ ఆగుతారో తెలియదు కాబట్టి పక్కన నడుస్తూ మాట్లాడాను.

"ఏటమ్మా, మీరు కూకుంటేనే కదా భయం. నడిస్తే ఏటీ లేనట్టే," అన్నారు.

"రెండో పేరు మీదండీ. తేడా చాలా తక్కువగా ఉంది. మీరు కూడా ఎవరితోనైనా పొత్తు కలిస్తే మంచిదేమోనని."

"ఏది కలపమంటారు?"

ఆయన బరువంతా ఒకే ఏడాది. భార్య నూకరత్నం గారి ఆఖరి ఏడాది. రోజులో ఏ క్షణమూ వదలకుండా దాచుకున్నారు. ఆ సంగతి మా శాఖలో అందరికీ తెలుసు. ఆ ఏడాదిని ఊడ్పులో కాస్తయినా తగ్గించమని ఇదివరకు రెండుసార్లు చెప్పి చూశారు కూడా.

"నేను తాకుతాను," అన్నాను. "పాలరేవు తాకినట్టే. ఇష్టమైతే మామ్మగారు కూడా వస్తారు. మూడో వంతుకి దిగిపోతుంది."

గది మారాం. మళ్ళీ మారాం. మూడో గదిలో చెప్పారు.

"జబ్బు చేసిన కాడి నుంచీ ఆవిడ ఎవుర్నీ లోపలికి రానిచ్చీది కాదండి. కన్నకూతురొస్తే కూడా తలుపు దగ్గరేసేసీది. ఇలాగున్న నా మొఖం నువ్వొక్కడివే చూడాలి అనీది. నాకొక్కడికే చూపించిన మొఖమది. ఆవిడ లేదని ఇప్పుడు నేను తలుపు తీసీమంటారా?"

ఇంకో గడప దాటాం.

"ఊరంటే పది మందిదండి," అన్నారు. "పది మంది తాకితేనే ఊరు. ఇది అలాటిది కాదు."

"కూర్చుంటే కూడా కొంత మేలు," అన్నాను. ఎందుకు మేలో చెప్పలేదు. ఒకే గదిలో ఉంటే లెక్క నిజం చెబుతుంది, ఆ నిజం ఆయనకి మేలు కాదు. అబద్ధం చెప్పాను, లేదా నాకే ఏం చెబుతున్నానో తెలియలేదు.

"కూకుంటే మంచం కనపడతాది," అన్నారాయన. "అందుకే తిరుగుతాను. నా లెక్క తక్కువే ఉన్నాదంట కదా? మరేటి భయం."

పక్క గదిలోకి వెళ్ళిపోయారు. అక్కడి గుమాస్తా దోసిట్లో ఇంకాస్త పడి ఉంటుంది.

బహుళ త్రయోదశి

దోసిలి లెక్కలో మామ్మగారే పైన. తేడా ఇంకా వెంట్రుకంతే.

తేడా దోసిళ్ళలో దాగగలిగినంత చిన్నదైతే, కొలిచే మనిషి నిలుపు అడగవచ్చు. అడిగి తీరాలని లేదు. నిలుపు అంటే కొండనంతా ఆపి, గదిగదికీ వెళ్ళి, ప్రతి దోసిలీ ఖాళీ చేసి, మొదటి నుంచి లెక్కించడం. అదే సరైన లెక్క. దానికి పని ఎక్కువ, చోటు కూడా కొంత పడుతుంది. అందుకే ఏళ్ళ తరబడి ఎవరూ అడగరు. చిట్టెమ్మగారప్పుడు అడగలేదు. అప్పుడూ తేడా చిన్నదేనా? నేను వెనక్కి వెళ్ళి చూడలేదు.

ఖాదర్ గారు నా ముందు కూర్చున్నారు. కూర్చున్నారు కాబట్టి నాకూ భయం వేసింది.

"అడుగుతావా?"

"సరైన లెక్క తెలుసుకునే వీలుండగా తెలుసుకోకపోవడం తప్పు కదండీ."

"అది నిజమే. నేను కాదనను. ఇన్నేళ్ళలో నువ్వు ఆ మాట అనడం ఇదే మొదటిసారి, అంతే."

నా మీద కోపంతో అనలేదు. అందుకే తగిలింది.

అడిగాను.

బహుళ చతుర్దశి

నిలుపు ఎవరికీ తెలియదు. పాట మధ్యలో ఆగినా పాడేవాళ్ళకి ఆగినట్టు ఉండదు, మళ్ళీ మొదలైన చోటే అందుకుంటారు. కొలిచే మనిషి ఒక్కరే కదులుతారు. ఈసారి నేను.

కొండ ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని తెలియదు. గడప దగ్గర ఊడ్పు పోగులు గాలిలో ఆగి ఉన్నాయి. ఒకచోట ఇద్దరు ఆడవాళ్ళు పోట్లాటలో చేతులెత్తి ఉన్నారు, ఒకావిడ నోట్లో మాట సగం బయట ఉంది. మామ్మగారి గదికి వెళ్ళాను. మైకు ముందు పెదవులు విడివడి ఉన్నాయి, ఏ ఊరి పేరో మొదటి అక్షరం దగ్గర. ఆ గది గుమాస్తా దోసిట్లో ఆవిడది దాదాపు ఏమీ లేదు.

ఇక జోగారావు గారివి ఏరుతూ వెళ్ళాను. ఈ గదిలో కొంచెం. ఆ గదిలో కొంచెం. ఆయన అడుగు పెట్టని గది లేదు. దోసిళ్ళలో ఉన్నది ఏమిటో చూడకూడదు, ఎంతో మాత్రమే చూడాలి. నేను చూడలేదు. కానీ ఒక దోసిలి ఖాళీ చేస్తున్నప్పుడు మందుల వాసన వచ్చింది, తడిగుడ్డ వాసన వచ్చింది. కళ్ళు మూసుకోవచ్చు. వాసనకి ఏం చెయ్యను?

చివరి గదుల్లో ఒకదాంట్లో ఆయనే ఉన్నారు. ఒక కాలు గడప అవతల, ఒక కాలు ఇవతల.

అన్నీ పోశాను. లెక్క వచ్చింది. రెండోసారి లెక్కించాను. అదే వచ్చింది.

జోగారావు గారు పైన. తేడా వెంట్రుకంత కాదు. చాలా ఉంది. ఎన్ని నెలలుగా అలా ఉందో ఎవరికి తెలుసు.

కొండ మళ్ళీ కదిలింది. మామ్మగారి గది నుంచి ఊరి పేరు పూర్తయిన చప్పుడు వినిపించింది. ఆయన కోసం వెతికి, ఆయన ముందు కూర్చున్నాను.

ఆయన నన్ను చూశారు. నడక ఆపారు. ఆగిన జోగారావు గారిని కొండలో ఎవరూ చూసి ఉండరు. ఎంత పొడుగు మనిషో అప్పుడు తెలిసింది. నెమ్మదిగా నా ఎదురుగా కూర్చున్నారు.

"నిలబెట్టి కొలిసినారా?"

"అవునండీ."

"కెర్నెలే అడిగిందా, మీరు అడిగినారా?"

"నేనే అడిగాను."

తల ఊపారు. సిగ్నలు దగ్గర పనిచేసిన మనిషి, నియమాలు ఎరిగిన మనిషి. లెక్క తప్పని అనలేదు.

"ఒక్క మాట అడుగుతాను. దోసిలి లెక్కలో మామ్మగారు కింద, నేను పైన ఉన్నామనుకోండి. అంతే తేడా. అప్పుడు కూడా నిలుపు అడిగీవోరా?"

నోరు తెరిచాను. అడిగేదాన్ని అని చెప్పడానికి తెరిచానో, లేదని చెప్పడానికో నాకు తెలియదు.

"ఇప్పుడు వొద్దు," అన్నారాయన. "ఆలోసించి తెలుసుకోండి. నాకు టైము లేదు గాని, మీకు ఉన్నాది కదా."

అమావాస్య

ఆయన మళ్ళీ నడవలేదట. నిన్నటి నుంచి ఒకే గదిలో కూర్చుని మంచాన్ని చూస్తూ ఉన్నారట. మామ్మగారు కబురు పెడితే వెళ్ళాను. ఏడ్చి ఉన్నారు.

"ఆయనది ఏ ఊరే?"

"బొబ్బిలి వైపు."

"మా బస్టాండు నుంచి అటు బస్సు లేదు," అన్నారు. కళ్ళు తుడుచుకుని, "విజయనగరం దాకా ఉండేది. రోజుకొకటి. అక్కడ దిగి మారాలి," అన్నారు.

దించే వేళకి ఖాదర్ గారూ నేనూ జోగారావు గారి దగ్గర ఉన్నాం. కొండంతటా మైకు వినిపించింది. పాత గొంతే, వణుకు లేదు. "ప్రయాణికులకు విజ్ఞప్తి. విజయనగరం వెళ్ళవలసిన బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నది. బొబ్బిలి వైపు వెళ్ళేవారు ఇందులో ఎక్కి, విజయనగరంలో మారవలెను."

జోగారావు గారు పైకి చూసి చిన్నగా నవ్వారు. "సీటుంటాదో లేదో," అన్నారు.

ఆయన దిగారు. నూకరత్నం గారు కూడా దిగారు. పైన ఇప్పుడు ఆవిడ ముఖం ఎవరిలోనూ లేదు. నాలో ఒక తడిగుడ్డ వాసన ఉంది. అది లెక్కకి వస్తుందో రాదో నేనే తేల్చాలి, ఇంకా తేల్చలేదు.

శుద్ధ తదియ

ఆయన దిగగా వచ్చిన చోటు నాలుగు పలకలకి సరిపోయింది. ఊరంత చోటు కాదు. ఖాదర్ గారు చెప్పినట్టే, త్వరలోనే మళ్ళీ ఒక పేరు పైకొస్తుంది. నా పేరు కూడా ఇప్పుడు మొదటి వరసలోనే ఉంది, పాలరేవు సగం నా మీద ఉంది కాబట్టి. మామ్మగారు పొత్తుకి ఇంకా మనుషుల్ని పోగేస్తున్నారు. పొరుగింటావిడ ఐసు దిమ్మ తాకి కెవ్వుమందట. గోడ వెనక్కి మాత్రం రానందట. రాకపోతే ఊరుకుంటారా?

ఇకమీదట ప్రతి అమావాస్యకీ నిలుపు లెక్కే ఉండాలని అర్జీ పెట్టాను. తేడా ఎంతున్నా, ఎవరి పేరున్నా. ఖాదర్ గారు సంతకం చేశారు. సరైన పనే. జోగారావు గారి ప్రశ్నకి అది జవాబు కాదు.

నా లెక్క తప్పు కాదు. మూడోసారి కూడా చూసుకున్నాను. దోసిలి లెక్కతో మామ్మగారిని దించి ఉంటే, చేసింది తప్పు లెక్క మీద చేసినట్టయ్యేది. అంతవరకూ నాకు అనుమానం లేదు. అయితే నేను సరైన లెక్క కోసం కొండని ఆపానా, నాకు కావలసిన మనిషి కోసం ఆపానా? పొద్దున ఊడ్పు వేళ ఒకలా అనిపిస్తుంది, సాయంత్రం పాలరేవు పంటు మీద నిలబడితే ఇంకోలా అనిపిస్తుంది. రెండు పేర్లూ తారుమారై ఉంటే అడిగేదాన్నా?

తెలియదు. టైము ఉంది, ఆలోచిస్తూనే ఉన్నాను, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.